శుక్రవారం పదిన్నర స్లాట్

రాణీగంజ్‌లో మా తాళ్ల దుకాణం ఉన్న గది మాది కాదు. మా నాన్న అద్దెకు తీసుకున్నాడు, నేను అద్దె కడుతూ వచ్చాను, గోడలు మాత్రం మారేడ్‌పల్లి అనసూయమ్మవి. ఒక గదిలో ఇన్నేళ్లు వ్యాపారం చేస్తే అది మనదే అనిపిస్తుంది. అనిపించడం వేరు, రిజిస్టర్ కావడం వేరు. అనిపించినదాన్ని ఏ బేరంలోనూ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పోయిన చలికాలం అనసూయమ్మ నన్ను ఇంటికి పిలిపించింది. ఆవిడ మరిది కొడుకు విజయేందర్ ఆ గదిలో మొబైల్ ఫోన్ల షోరూం పెట్టాలని ఏడాదిగా చుట్టూ తిరుగుతున్నాడు. అయినా ఆవిడ ముందు నన్నే అడిగింది.

"మీ నాయిన ఉన్నప్పటి సంది ఉంటున్నరు. మొదలు నిన్ను అడగకుంటే నాకే మంచిగనిపియ్యది. కాని తుకారాం, పుష్యమాసం రాకముందే కావాలె. ఆ నెలల నేను ఏ కాగితం మీద సంతకం పెట్ట. ఆ తర్వాత అంటే విజయేందర్ ఊకోడు. వానితోని రోజూ లొల్లి పెట్టుకునే ఓపిక నాకు లేదు."

ధర ఆ పూటే తెగింది. ఇద్దరం పాత మనుషులం, దాగుడుమూతలు ఎక్కువసేపు ఆడలేదు. మిగిలింది రిజిస్ట్రేషన్. పుష్యమాసం పది రోజుల్లోకి వచ్చేసింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా చిన్న గదిలో డాక్యుమెంట్ రైటర్ సైలస్ కూర్చుంటాడు. వాళ్ల తాత కాకినాడ నుంచి బడిపంతులుగా సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సైలస్ ఇక్కడే పుట్టి పెరిగినా, ఇంటి భాష మాత్రం వదల్లేదు. పనిమంతుడు. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసి సాయంత్రం ఫోన్ చేశాడు.

"సేటు గారూ, మీది మామూలు అదృష్టం కాదండి! వారమంతా నిండిపోయింది. ఒక్క శుక్రవారం మాత్రం పదిన్నర నుంచి పన్నెండు దాకా మొత్తం ఖాళీ. పదిన్నరకి కొట్టేశాను."

నేను ఫోన్ చెవికి పెట్టుకునే గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగాను. టార్పాలిన్ కంపెనీ వాడిచ్చిన క్యాలెండర్. అడుగున చిన్న గడిలో రాహుకాలం. శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు.

ఇంత పెద్ద సికింద్రాబాద్‌లో, ఇంతమంది ఇళ్లూ గదులూ కొంటుంటే, ఆ గంటన్నర ఒక్కటే ఎందుకు ఖాళీగా ఉందో సైలస్‌కు తట్టలేదు. వాళ్లింటి క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద బైబిల్ వాక్యం ఉంటుంది, రాహువు ఉండడు. మార్కెట్‌లో అందరూ వదిలేసి వెళ్లిన సరుకు కనిపిస్తే ముందు వాసన చూడాలి. సైలస్ సంచిలో వేసుకుని వచ్చాడు.

"సైలస్, నా దుకాణం పోయినట్టే. అది రాహుకాలం."

"ఎంతసేపుంటుందండి?" అన్నాడు, కరెంటు కోత గురించి అడిగినట్టు.

"స్లాట్ మార్చు."

"మారిస్తే మళ్లీ వచ్చే గురువారమేనండి."

వచ్చే గురువారం అంటే పుష్యమాసం. అంటే విజయేందర్, అంటే ఫోన్ల షోరూం. నేను ఫోన్ పెట్టేశాను.

నాకు జ్యోతిషం రాదు. కానీ ఏ డబ్బా కొన్నా దాని వెనక చిన్న అక్షరాలు చదవడం నా అలవాటు. పంచాంగం కొన్నవాళ్లందరూ నేరుగా తమ రాశి దగ్గరికి పోతారు. ముందు పేజీలు ఎవరూ తెరవరు. ఆ సాయంత్రం నేను తెరిచాను. అక్కడ చిన్న అక్షరాలలో ఉంది అసలు సంగతి. రాహుకాలం గడియారం సొత్తు కాదు. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది వాటాలు వేస్తే, శుక్రవారం నాలుగో వాటా రాహువుది. సూర్యుడు సరిగ్గా ఆరింటికి లేచి ఆరింటికి కుంగితే ఆ వాటా పదిన్నరకు మొదలవుతుంది. క్యాలెండర్ వాళ్లు ఏడాది పొడుగునా అదే అచ్చు వేస్తారు, వాళ్లకు అచ్చు ఖర్చు తగ్గుతుంది. కానీ ఈ చలిలో మన సూర్యుడు ముప్పావు గంట ఆలస్యంగా లేస్తున్నాడు. వాటాలు వేసి చూస్తే శుక్రవారం రాహుకాలం పదీ యాభై ఆరుకు గానీ రాదు. అంటే పదిన్నర స్లాట్‌లో దాదాపు అరగంట మంచి సరుకు ఉంది, పైన లేబుల్ మాత్రం తప్పు.

మర్నాడు పొద్దున్నే సైలస్‌ను వెంటబెట్టుకుని మారేడ్‌పల్లి వెళ్లాను. అనసూయమ్మ బాల్కనీలో కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది.

"శుక్రవారం పదిన్నరకు దొరికిందమ్మా."

ఆవిడ చేయి ఆగింది. "తుకారాం, నీకు గది వద్దా, లేక నేను బతికుండుడు వద్దా?"

నేను నెమ్మదిగా మొదలుపెట్టాను. మా తాత కాలంలో తాడును బారతో కొలిచేవారు. రెండు చేతులు చాపితే ఒక బార. కొనేటప్పుడు తాత తన పొడుగాటి తమ్ముడిని పంపేవాడు, అమ్మేటప్పుడు తానే కొలిచేవాడు. తాత పొట్టి. ఆ తేడా మీదే మా కుటుంబం నిలబడింది. మీటరు కర్ర వచ్చి ఆ లాభం పట్టుకుపోయింది.

"టైం సుత గట్లనేనమ్మా. రైళ్లు రాకముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. సూర్యుడు నెత్తి మీదికొస్తే పన్నెండు. రైళ్లు వచ్చినంక ఊరికో పన్నెండు ఉంటే టైంటేబుల్ ఎట్ల రాస్తరు? ఆఖరికి దేశం మొత్తానికి ఒక్కటే గీత పెట్టిన్రు. ఆ గీత కాకినాడ దగ్గర్నుంచి పోతది. మన సూర్యుడు అక్కడికంటె పావుగంట ఎనక. ఇగ చలికాలం, ఇంకింత ఎనక. గడియారం పదిన్నర అన్నంత మాత్రాన రాహువు వచ్చినట్టు కాదు."

ఆవిడ చాట పక్కన పెట్టింది. "అంటే ఇన్నేండ్ల సంది మనం చూస్తున్న టైం సుత ఆంధ్రోళ్లదేనా?"

"మా తాతగారి ఊరేనండి అది," అన్నాడు సైలస్, కొంచెం గర్వంగానే.

"నువ్వు జెర ఊకో బాబూ. ఆ స్లాట్ తెచ్చింది నువ్వే, ఈ టైం తెచ్చింది మీరే."

నమ్మిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. మంచి కొనుగోలుదారు ముఖం అది. మరుసటి రోజు తెల్లవారగానే ఫోన్ మోగింది.

"తుకారాం, ఆరు గంటలకే బాల్కనీల కుర్చీ ఏసుకొని కూసున్న. చలికి పండ్లు కొట్టుకున్నయ్. నువ్వు చెప్పిందే నిజం. ఆరు ముప్పావుకు గాని మొకం చూపియ్యలే."

సరుకు అమ్ముడుపోయిందని సంతోషించాను. ఎంత అమ్ముడుపోయిందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. పనిమనిషి మాధురి ఏడింటికి వస్తే, ఇంకా ఆరుంబావే అయింది, కింద మెట్ల మీద కూర్చో అని చెప్పిందట. బీపీ మాత్ర ఎండను బట్టి వేసుకుంటోందట. బ్యాంకు మూసేశాక వెళ్లి, మీ సూర్యుడు ఎక్కడున్నాడని గార్డుతో వాదించిందట. ఇవన్నీ మాధురి నాకు ఫోన్ చేసి చెప్పింది. "గా లెక్క మీరే నేర్పిన్రట కద సార్. జెర వాపస్ తీసుకోండ్రి, మీకు దండం పెడ్త. నాకు మల్కాజ్‌గిరిల ఇంకో రెండిండ్ల పని ఉంటది."

నేను వాపసు తీసుకోలేదు. శుక్రవారం దాకా ఆవిడ ఆ లెక్కలోనే ఉండాలి.

శుక్రవారం అందరం పది కాకముందే ఆఫీసులో ఉన్నాం. అనసూయమ్మను విజయేందర్ కారులో తెచ్చాడు. నలభై దాటిన మనిషి, మంచి షర్టు, పెద్ద ఫోను. పెద్దమ్మ తరఫున సాక్షి సంతకం పెట్టడానికి వచ్చానన్నాడు. ముఖం చూస్తే ఏ సంతకమూ కాకుండా చూడటానికి వచ్చినట్టుంది.

"రామ్ రామ్ తుకారాం అన్నా. రాహుకాలంల రిజిస్ట్రేషన్ పెట్టుకున్న షేర్ లాంటి మొగోణ్ని నిన్నే చూస్తున్న."

"ఇంకా రాలేదు," అంది అనసూయమ్మ. "యాభై ఆరుకు వస్తడు."

హాలులో మేం తప్ప ఎవరూ లేరు. కుర్చీలన్నీ ఖాళీ. ఖాళీ హాలు చూసి నాకు ధైర్యం వచ్చింది. ముందు ఎవరూ లేరు, పదిన్నరకు పిలుస్తారు, పావుగంటలో వేలిముద్రలు, సంతకాలు, రాహువు వచ్చేసరికి మేం హోటల్లో ఇడ్లీ తింటుంటాం.

పదిన్నరకు సర్వర్ డౌన్ అయింది.

కంప్యూటర్ దగ్గర కూర్చున్న ఇవాన్ అనే కుర్రాడు రెండు చేతులూ ఎత్తి చూపించాడు. సబ్ రిజిస్ట్రార్ కల్పలత మేడం తలుపు దగ్గరగా వేసుకుని లోపల ఫైళ్లు చూసుకుంటోంది. నేను ఇవాన్ వెనక నిలబడి, మగ్గం పైన దారం తెగిన నేతగాడిలా తెర వైపు చూస్తూ ఉండిపోయాను. నలభై అయింది. యాభై అయింది. యాభై ఆరు కాగానే అనసూయమ్మ కళ్లజోడు తీసి, సంచిలో పెట్టి, జిప్పు లాగింది. ఆ జిప్పు చప్పుడు నాకు షట్టర్ దించిన చప్పుడులా వినిపించింది.

"పెద్దమ్మా, చాయ్ తెప్పియ్యాల్నా?" అన్నాడు విజయేందర్ ఎంతో ప్రేమగా.

సరిగ్గా పన్నెండు కొట్టగానే సర్వర్ లేచింది. దానికి కూడా టార్పాలిన్ కంపెనీ వాడు ఒక క్యాలెండర్ ఇచ్చి ఉంటాడనుకున్నాను. మేడం తలుపు తీసుకుని వచ్చి కుర్చీలో కూర్చుని టేబుల్ మీది చిన్న వినాయకుడిని కళ్లకద్దుకుంది.

"పదిన్నర వాళ్లు రండి. పన్నెండున్నరకు నాకు మీటింగ్ ఉంది, మళ్ల ఇయ్యాల ఆఫీసుకు రాను. మీది ఒక్కటి చేసి పోత."

పన్నెండు అయింది కాబట్టి క్యాలెండర్ ప్రకారం రాహువు వెళ్లిపోయాడు. నా ప్రాణం లేచి వచ్చింది. "లెవ్వండమ్మా, అయిపోయింది."

"ఏం అయిపోయింది?" అనసూయమ్మ కదల్లేదు.

"రాహుకాలం. క్యాలెండర్ల పన్నెండు దాకనే కద."

"పొద్దుగాల సూర్యుడు, ఇప్పుడు క్యాలెండరా? కొనేటందుకు పొడుగు చెయ్యి, అమ్మేటందుకు పొట్టి చెయ్యా తుకారాం?"

విజయేందర్ ఫోన్ తీశాడు. అందులో ఒక పంచాంగం యాప్ ఉంది, ఆ పొద్దున్నే ఎక్కించుకుని ఉంటాడు. "పన్నెండూ ఇరవై దాకా నడుస్తది పెద్దమ్మా. సూర్యుని లెక్క. అన్న కరెక్టే చెప్పిండు." అందరికీ కనబడేలా ఫోన్‌ను టేబుల్ మీద నిలబెట్టాడు. తెర పైన పెద్ద అంకెల్లో టైం, కింద ఎర్ర అక్షరాల్లో రాహుకాలం.

నేను అమ్మిన సరుకును నా నెత్తినే కొట్టారు. వాపసు తీసుకుందామన్నా ఇప్పుడు బిల్లు నా పేరు మీదే ఉంది.

మేడం దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాను. "మేడం, జెర ఇరవై దాకా ఆగుతరా? పెద్దావిడ రాహుకాలం అంటున్నది."

"రాహుకాలం పన్నెండుకే అయిపోయింది కదండీ," అంది మేడం తలెత్తకుండా. అన్నాక తలెత్తి, హాలంతా ఒకసారి చూసింది. మేమెవరం ఏమీ విననట్టు నిలబడ్డాం. ఇవాన్ అయితే ఫ్యాన్ వైపు చూశాడు. మేడం గొంతు పెంచింది. "అవన్నీ నాకు తెల్వదు. పిలిచినంక రాకపోతే స్లాట్ రద్దు చేస్త. కొన్నాయన ఫస్ట్ రండి."

నేను వెళ్లి వేలిముద్రల మిషన్ మీద బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు.

"ఒత్తకుండ్రి సార్, మెల్లగ," అన్నాడు ఇవాన్. ఎర్ర లైటు. ఈ వేళ్లతో ఎన్నివేల కట్టల కొబ్బరి తాడు లాగానో. గీతలన్నీ గిరాకీలతో పాటు వెళ్లిపోయాయి. ఇవాన్ తడిగుడ్డ ఇచ్చాడు. తుడిచి పెడితే ఎర్ర లైటు. ఆరబెట్టి పెడితే ఎర్ర లైటు. చూపుడువేలు పెడితే, ఇది ఎవరిది అన్నట్టు మిషన్ కాసేపు ఆలోచించి మళ్లీ ఎర్ర లైటు.

"మిషన్ సుత వద్దంటుంది," అన్నాడు విజయేందర్.

కుర్చీలో కూర్చున్న అనసూయమ్మ అప్పుడు లేచింది. మెల్లగా వచ్చి నా భుజం పక్కన నిలబడి, తూకం వేస్తుంటే ముల్లు చూసే మనిషిలా, నా వేలునూ మిషన్‌నూ చూడటం మొదలుపెట్టింది. నా మధ్యవేలును మిషన్ ఒప్పుకునేసరికి పన్నెండూ ఎనిమిది అయింది.

"ఇగ అమ్మిన ఆవిడ రావాలె," అంది మేడం.

ఆవిడ రానంటుంది, స్లాట్ పోతుంది, గది పోతుంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అనసూయమ్మ మిషన్ ముందు కూర్చుని ఉంది. రాహుకాలంలోనే! నా మీద ఆవిడకు ఇంత దయ ఉందని నేను ఏనాడూ లెక్క కట్టలేదు.

వేలు పెట్టింది. ఎర్ర లైటు.

"అవ్వా, కదలకుండ పెట్టు," అన్నాడు ఇవాన్.

"కదులుతలేను బిడ్డా. చలికి బిగుసుకపోయినయ్." మళ్లీ ఎర్ర లైటు. "ఏ చెయ్యి అన్నవ్? ఎడమదా?"

"కుడిది అవ్వా, కుడిది!"

ఉంగరం అడ్డమొస్తోందంది. ఉంగరం రాలేదు. సబ్బు నీళ్లు అడిగింది. ఇవాన్ ఎక్కడి నుంచో తెచ్చాడు. ఉంగరం వచ్చింది, వేలు తడిసింది. తుడుచుకుంది. పెట్టింది. ఎర్ర లైటు. నా బుర్రలో లెక్క వేరేలా నడుస్తోంది. మంచి మనసుతో రాహుకాలాన్ని కూడా పక్కన పెట్టి వచ్చింది, కానీ డెబ్బై దాటిన వేళ్లు, గీతలు మిగిలి ఉండవు. వేలు పడకపోతే మంచి మనసుతో మాత్రం ఏ గదీ రిజిస్టర్ కాదు. నా చొక్కా వీపుకు అతుక్కుంది. సైలస్ కిటికీ దగ్గర కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుంటున్నాడు.

"అమ్మా, వేళ్లన్నీ ఒక్కొక్కటే పెట్టి చూడండమ్మా, మీ కాళ్లు మొక్కుత," అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినబడింది.

"పెడుతున్న కద తుకారాం. నువ్వు ఆగమైతే మిషన్ సుత ఆగమైతది."

"పాపం, పెద్దమ్మకు ఊకె తక్లీఫ్ ఎందుకు మేడం?" అన్నాడు విజయేందర్. "ఇయ్యాల ఇడిసిపెట్టుండ్రి."

మేడం చేతి గడియారం చూసుకుంది. "ఇంకొక్కసారి. పడకపోతే కొత్త స్లాట్ తీసుకోండి. నేను పోవాలె."

అనసూయమ్మ వేలు మిషన్ దాకా తెచ్చి ఆపింది. "మేడం, జెర చెప్పులు ఇడుస్త. భూమి ఇచ్చేటప్పుడు చెప్పులు ఉండొద్దు." వంగి ఒక చెప్పు విప్పింది. నిట్టూర్చింది. రెండోది విప్పి, రెండూ జతగా పెట్టింది. లేచి కొంగు సర్దుకుని, టేబుల్ వైపు చూసి, వేలు పెట్టింది.

పచ్చ లైటు.

ఇవాన్ చప్పట్లు కొట్టాడు. నేను టేబుల్ అంచు పట్టుకున్నాను. విజయేందర్ ముందుకు వచ్చి మిషన్‌ను దగ్గరగా చూశాడు. "ఇప్పుడెట్ల పడ్డది?"

"ఇప్పుడు జెర వెచ్చవడ్డది బిడ్డా. నువ్వు సాక్షివి కద, ఇట్ల రా. ఎక్కడ పెట్టాల్నో చూపియ్యి సైలస్ బాబూ."

సైలస్ కాగితాలు తిప్పుతుంటే ఆవిడ ప్రతి పేజీ మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసింది. పక్కన విజయేందర్ తన పేరు రాశాడు, ప్రతి అక్షరాన్నీ పన్ను పీకించుకున్నట్టు రాశాడు. మేడం ముద్ర వేసి, బ్యాగు భుజాన వేసుకుని, మాకంటే ముందే గుమ్మం దాటింది.

బయట మెట్ల మీద నేను అనసూయమ్మను పట్టుకుని దించుతున్నాను. విజయేందర్ కారు తేవడానికి వెళ్లాడు.

"మీ వేలు పడదేమోనని నా గుండె ఆగినంత పనైందమ్మా."

"నా వేలుకేమైంది? ప్రతి నవంబర్ల బ్యాంకుల గిదే వేలు పెట్టి బతికే ఉన్ననని పెన్షన్ తెచ్చుకుంట. ఒక్కసారికే పడ్తది."

నేను మెట్టు మీద ఆగిపోయాను. "మరి లోపల?"

"నీ వేలు ఎంత టైం తిన్నదో చూసిన కద. గట్ల సుత టైం గడుస్తదని అప్పుడే తెలిసింది. విజయేందర్ ఎదురుంగ ఫోన్ నిలవెట్టె. ఇగ నాకేం కావాలె? ఇరవై ఒకటి పడ్డంక వేలు సీదా పెట్టిన."

"నాకు ఒక్క మాట చెవుల చెప్పకపోతిరి!"

"చెప్తే నువ్వు నవ్వు మొకం పెడుతుంటివి. వాడు పసిగట్టి మేడంను తొందర పెడుతుండె. నువ్వు ఏడ్చినవ్ కాబట్టే వాడు ఊకున్నడు."

కారు వచ్చి ఆగింది. విజయేందర్ దిగలేదు, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ తనే తలుపు తీసుకుని ఎక్కి, "పా బిడ్డా, ఆకలైతుంది. ఏడన్న మంచి హోటల్ల ఆపు," అంది. వాడు ఏదో గొణిగాడు. కారు క్లాక్ టవర్ వైపు తిరిగింది.

సైలస్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఏంటండి, గది వచ్చింది కదా, అలా నిలబడిపోయారేం?"

మా నాన్న తర్వాత ఆ గది అద్దె గురించి అనసూయమ్మతో ఎన్ని బేరాలాడానో. ప్రతిసారీ గెలిచి వచ్చాననే అనుకుని, రాణీగంజ్ దాకా నవ్వుకుంటూ నడిచేవాణ్ని. అవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ కూడుకుంటూ దుకాణం వైపు బయలుదేరాను. రెండో బేరం దగ్గరికి వచ్చేసరికే అనుమానం మొదలైంది.